ఒకటో నంబరు లేవడం లేదు

సోమవారం పొద్దున నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికి అందరూ తలుపు వైపే చూస్తూ నిలబడి ఉన్నారు. ఎప్పుడూ నా తర్వాత గంటకి గానీ రాని మేనేజర్ గారు కూడా అప్పటికే వచ్చేశారు. చేతిలో టీ గ్లాసు ఉంది గానీ తాగుతున్నట్టు లేదు.

"హమ్మయ్య, వచ్చావా. ఒకటో నంబరు లేవడం లేదమ్మా," అన్నారు.

"రెండు?"

"అదీ అంతే. నాలుగూ అంతే. మూడోది ఇందాక ఒకసారి లేచింది. మనవాళ్ళు కంగారులో ఆపి మళ్ళీ వేశారు. ఇక లేస్తే ఒట్టు."

నేను భుజం మీంచి బ్యాగు దించకుండానే అడిగాను. "మరి నేనేం చెయ్యనండీ?"

"అదేంటమ్మా అలా అంటావు? ఆయన కోడలివి. నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

మాది చూపు లేనివాళ్ళకి పుస్తకాలు అచ్చువేసే చిన్న ప్రెస్సు. నేనూ ఇంకో ఇద్దరూ మామూలు పుస్తకం చూసి టైపు చేస్తాం. కంప్యూటర్ దాన్ని బ్రెయిలీలోకి మారుస్తుంది. ఒకటో నంబరు కంప్యూటర్‌కి తగిలించిన ప్రింటరు దళసరి కాగితం మీద టకటకా పొడిచి చుక్కలు లేపుతుంది. ఆ పేజీలు మా ప్రూఫ్ రీడరు వేళ్ళతో తడిమి చదివి తప్పులు పడుతుంది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. అందరం చుక్కలక్క అంటాం. ఆ పేరు ఆవిడ తనకి తాను పెట్టుకున్నదే.

ఆ నాలుగు కంప్యూటర్లూ మా మామగారు పెట్టినవి. ఏదో పెద్ద ఆఫీసువాళ్ళు వద్దనుకుని, డిస్కులు పీకేసుకుని, ఒట్టి డొక్కులు మాకిచ్చారట. "డిస్కు లేకపోతే కొంపలేం మునగవు" అని ఆయన పదకొండేళ్ళ కిందట మూలగదిలో ఒక సర్వర్ పెట్టి, దాంట్లో లినక్స్ సాఫ్ట్‌వేర్ వేసి, ఈ నాలుగింటికీ తీగలు లాగారు. నేను ప్రెస్సులో చేరిన కొత్తలో ఒకరోజు ఇంట్లో భోజనాల దగ్గర ఆ సంగతంతా చెప్పారు.

"వాటి దగ్గర సొంతంగా ఏమీ ఉండదమ్మా. స్విచ్చు వెయ్యగానే, 'నా అడ్రసేంటి, నేను తెచ్చుకోవాల్సిన ఫైలు పేరేంటి' అని తీగలోకి కేకేస్తాయి. సర్వర్ జవాబు చెప్తుంది. ఆ ఫైలు తెచ్చుకుని లేస్తాయి. అంతే కథ."

"మీలాగే అన్నమాట. లేస్తూనే కళ్ళజోడెక్కడ, చెప్పులెక్కడ అని కేకలు," అన్నారు మా అత్తగారు కూర వడ్డిస్తూ. ఆయన పగలబడి నవ్వారు.

నాలుగు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది. "అదే." దాహం వేసినా అదే, నిద్ర వచ్చినా అదే. అన్ని మాటలుండగా అదే ఎందుకు మిగిలిందంటే డాక్టర్లు కూడా చెప్పలేకపోయారు.

ఆ వారం గురువారం పొద్దున పరీక్షలు మొదలు. చూపు లేని పిల్లలు పదకొండు మంది రాస్తున్నారు. వాళ్ళ ప్రశ్నపత్రాలు మేమే అచ్చువేసి బుధవారం సాయంత్రానికల్లా సీలు వేసి పంపాలి. టైపింగు శనివారమే అయిపోయింది. ఫైళ్ళు సర్వర్లో క్షేమంగా ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్ళే దారే మూసుకుపోయింది. సర్వర్‌కి తెర లేదు, దాని పాస్‌వర్డ్ మామగారికి తప్ప ఎవరికీ తెలీదు.

ఒకటో నంబరు ముందు కూర్చుని స్విచ్చు వేశాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలొచ్చాయి. చివరి వరసలో 'బూట్ ఫైలు పేరు అందలేదు' అని ఇంగ్లీషులో ఉంది. అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వరస.

ఆయన బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం ఉండేది. తెచ్చి తిరగేశాను. గుండ్రటి చేతిరాతలో నాలుగు కంప్యూటర్ల అడ్రసులు, ఎప్పుడు ఏ తీగ మార్చారో తేదీలు, 'సర్వర్ని ఊరికే ఆపకండి' అని ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక. లేవకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఆయన ఉండగా ఆ అవసరం ఎవరికొచ్చిందని?

తీగలు పీకి పెట్టాను. రెండో నంబరు తీగ ఒకటికి, ఒకటి తీగ రెండుకి మార్చాను. తీగలు దూర్చే కన్నాల దగ్గర దీపాలు మినుకుమంటూనే ఉన్నాయి, మాకేం రోగం లేదన్నట్టు. పదకొండు గంటల ప్రాంతంలో మూడోది మళ్ళీ లేచింది. అందరం దాని చుట్టూ చేరాం. ప్రింటరు తీగ దానికి తగిలిస్తే సరిపోతుందేమో అనుకున్నాం, కానీ మూడోదానికి ఆ సాకెట్టే లేదు. ఎందుకు లేచిందో తెలీదు కాబట్టి ఎందుకు పడిపోతుందో కూడా తెలీదు. "ఎవరూ దాని దగ్గరికి పోకండి" అని మేనేజర్ గారు దాని ముందు కుర్చీ అడ్డం పెట్టారు.

మధ్యాహ్నం వీధి చివరి షాపు నుంచి కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. మూత విప్పి లోపలికి టార్చి కొట్టి, మావైపు తిరిగి, "ఇందులో డిస్కే లేదేంటండీ?" అన్నాడు.

"లేదండీ. ఉండదు."

"ఎవరో కొట్టేశారా?"

"కాదు. మొదట్నించీ లేదు."

అతను మూత బిగించేశాడు. "ఇంజిను లేని కారు తెచ్చి స్టార్టవట్లేదంటే నేనేం చెయ్యనండీ," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కొత్తది పెడతానన్నాడు గానీ, మా బ్రెయిలీ ప్రోగ్రాము, ఆ ప్రింటరుతో మాట్లాడే ఏర్పాటు, అన్నీ ఆ సర్వర్లోనే ఉన్నాయి. అతనికి ఏం చెప్పాలో కూడా నాకు తెలీలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మామగారి మంచం పక్కన కూర్చున్నాను. ఫోన్లో ఆ నల్లతెర ఫొటో చూపించాను.

"మామయ్యగారూ, ఒకటో నంబరు లేవడం లేదు. చూడండి. ఇలా వస్తోంది."

ఆయన ఫోను ఎడంచేత్తో పట్టుకుని దగ్గరికి తెచ్చుకున్నారు. కళ్ళు చిట్లించారు.

"అదే," అన్నారు.

అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. "చూశావా! గుర్తుపట్టారు. మనిషికి అన్నీ తెలుసే, మాటే రావట్లేదు. నేను చెప్తూనే ఉన్నాను కదా."

"సర్వర్లో తప్పా, మామయ్యగారూ?"

"అదే."

"తీగలోనా?"

"అదే. అదే."

"లేకపోతే కంప్యూటర్లోనే ఏమన్నా పోయిందా?"

"అదే," అన్నారు, ఈసారి గట్టిగా. నేను మళ్ళీ మొదటి ప్రశ్న అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. పెదవి ఒక పక్కకి లాగేసింది. కంటి చివర్లోంచి నీళ్ళు చెవి దాకా కారాయి.

"చాల్లే, చాల్లే. ఏడిపించకు," అని అత్తగారు పమిట చెంగుతో ఆయన కళ్ళు తుడిచారు. "రేపు మనమే అక్కడికి తీసుకెళ్దాం. ఎదురుగా ఉంటే చేత్తో చూపిస్తారు. ఫొటోలో ఏం కనపడుతుంది పాపం."

మా ఆయన బస్సు నడుపుతారు. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు నాన్నని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. "జాగ్రత్త. ఆయన్ని ఎక్కువ అలసిపోనివ్వకు," అని నాకు మాత్రం వినపడేలా అన్నారు.

ప్రెస్సులో అందరూ గుమ్మం దాకా వచ్చారు. చుక్కలక్క ఆయన ఎడంచెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "ఎన్నాళ్ళయిందండీ ఈ చెయ్యి ముట్టుకుని," అంది. చక్రాల కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళి ఒకటో నంబరు ముందు ఆపాం. ఆయన గది అంతా చూశారు. ప్రింటరుని చూశారు. పెళ్ళికి వచ్చిన అతిథిలా అందరినీ చూసి నవ్వారు. తర్వాత చెయ్యి చాపి కంప్యూటర్ మీద ఒకసారి తట్టి, స్విచ్చు నొక్కారు.

తెల్లటి అక్షరాలొచ్చాయి. ఒకటి, రెండు, మూడు వరసలు. నాలుగో వరస వచ్చే చోట కొత్త వరస వచ్చింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత అక్షరాలు జలజలా రాలిపోతూ తెర నిండిపోయింది. ఒకటో నంబరు లేచింది.

గదంతా ఒక్కసారిగా చప్పట్లు. మేనేజర్ గారు రెండు చేతులూ జోడించేశారు. అత్తగారు గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చారు. నాలుగు నెలల్లో ఆవిడ అలా ఏడవడం నేను చూడలేదు. ఆస్పత్రిలో కూడా ఏడవలేదు.

"ఏం చేశారు మామయ్యగారూ?" అని అడిగాను.

"అదే," అన్నారు, నవ్వుతూ.

ఆ సాయంత్రానికి సగం కాగితాలు అచ్చయ్యాయి. ఆరింటికి కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. ఆ ఒక్క క్షణం చాలింది. ఒకటో నంబరు ఆగిపోయింది, మళ్ళీ ఎంత వేసినా లేవలేదు. మిగతావాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. నేను ఎవరికీ ఫోను చెయ్యలేదు. "మళ్ళీ తీసుకురా" అంటారని భయం.

బుధవారం పొద్దున ఏడింటికే తాళాలు తీయించుకుని కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలీక, ఆగిపోయిన తెర మీది అక్షరాలన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను. అలా రాస్తుంటే మూడో వరసలో కంప్యూటర్ తెచ్చుకున్న అడ్రసు కనపడింది. నూట తొంభై రెండుతో మొదలవుతోంది. మామగారి నోటుపుస్తకం తీశాను. ఆయన రాసిన నాలుగు అడ్రసులూ పదితో మొదలవుతాయి.

చాలాసేపు ఆ రెండు అంకెల వంకే చూశాను. జవాబు వస్తోంది, కానీ మన సర్వర్ నుంచి కాదు. ఈ తీగల్లో ఇంకెవరో ఉన్నారు. వాళ్ళు ముందుగా జవాబిస్తే అడ్రసు ఇస్తారు గానీ ఫైలు పేరు వాళ్ళకి తెలీదు కాబట్టి కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. సర్వర్ ముందుగా అందుకుంటే లేస్తుంది. ఇద్దరి మధ్యా పరుగుపందెం, అంతే. నిన్న ఆయన స్విచ్చు నొక్కినప్పుడు సర్వర్ గెలిచింది.

అర్థమైనందుకు సంతోషం వేయలేదు. నిన్నటి చప్పట్లు గుర్తొచ్చాయి.

తీగలన్నీ వచ్చి చేరే పెట్టె దగ్గర ఒక్కో తీగే పీకుతూ, ప్రతిసారీ ఒకటో నంబరు వేసి చూశాను. 'ప్రూఫ్ గది' అని ఆయన చీటీ అంటించిన తీగ పీకగానే లేచింది. ఆపి వేశాను. లేచింది. నాలుగూ లేచాయి.

ప్రూఫ్ గదిలో చుక్కలక్క బీరువా వెనక ఒక వైఫై పెట్టె ఉంది. దుమ్ము పట్టిన పాతది. ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. తొమ్మిదింటికి అక్క రాగానే అడిగాను.

"మా తమ్ముడు ఆదివారం పెట్టాడే. నా ఫోను చదివి వినిపించాలంటే ఈ గదిలో సిగ్నలు ఉండి చావదు కదా. వాళ్ళింట్లో ఊరికే పడుంది, నీకు పనికొస్తుందని తెచ్చి గోడ దగ్గరున్న తీగకి తగిలించాడు." అంతలో ఆవిడ గొంతు మారింది. "ఏం, దానివల్లేనా?"

నేను చెయ్యి చాపి ఆ పెట్టె స్విచ్చు టక్కున ఆపాను. ఆవిడకి అది చాలు.

"మేనేజర్ గారికి చెప్పకు," అంది నా చెయ్యి వెతుక్కుంటూ. "నాది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అడక్కుండా పెట్టానంటే ఆయన ఊరుకోరు. వాడు నా మంచికే చేశాడు. తీసేస్తాను, ఇవాళే తీసేస్తాను."

"చెప్పనక్కా," అన్నాను. అది ఆవిడ కోసమే అన్నాననుకున్నాను అప్పుడు.

సాయంత్రం అయిదింటికి కాగితాలన్నీ సీలు వేసి పంపాం. పదకొండు మందీ గురువారం పొద్దున పరీక్ష రాశారు. మేనేజర్ గారు మా ఇంటికి పళ్ళబుట్ట పంపించారు. మామగారికి.

ఇంట్లో పండగే. అత్తగారు బంధువులందరికీ ఫోన్లు. "ఒక్కసారి చెయ్యి వేశారంతే, లేచి కూర్చుంది. ఆఫీసంతా నోరెళ్ళబెట్టారు." వినేవాళ్ళకి అవతల ఏం తోచేదో గానీ, ఆవిడ గొంతులో పాతికేళ్ళు తగ్గాయి. మాట నేర్పే టీచరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. ఆవిడ మొదట్నించీ ఒక సంగతి చెప్తూనే ఉంది. మాట బయటికి రాకపోవడమే కాదు, మనం అన్నది లోపలికి పోవడం కూడా దెబ్బతిందని, రెండూ కలిసే ఉన్నాయని. అత్తగారికి ఆ మాట మొదటి రోజు నుంచీ గిట్టలేదు. ఆ వారం ఆవిడ టీచరమ్మని కూర్చోబెట్టి కంప్యూటర్ కథంతా చెప్పి, "ఇప్పుడేమంటావు?" అన్నారు. టీచరమ్మ నావైపు చూసింది. నేను తల దించుకుని బట్టలు మడతపెట్టుకున్నాను.

అప్పటినుంచి ఆయనకి విశ్రాంతి లేకుండా పోయింది. పొద్దున్నే పేపరు చదివి వినిపించి ప్రశ్నలు. భోజనం అయ్యాక కాగితం, పెన్సిలు. "అంత పెద్ద మిషను బాగుచేసినవారు, మీ పేరు రాయలేరూ? రాయండి." ఎడంచేత్తో ఆయన గీతలు గీసేవారు. ఆవిడ ఆ గీతల్లో అక్షరాలు వెతికేవారు.

ఒకరోజు ఆవిడ బజారుకెళ్ళినప్పుడు నేను ఆయన పక్కన కూర్చున్నాను. తప్పని తెలుసు, అయినా ఆగలేకపోయాను. ఫోన్లో ఆ నల్లతెర ఫొటో తీసి చూపించాను.

"ఇది ఒకటో నంబరేనా, మామయ్యగారూ?"

"అదే."

తర్వాత మా వంటింటి స్టవ్వు ఫొటో తీసి చూపించాను. "ఇది ఒకటో నంబరేనా?"

ఆయన ఫోను దగ్గరికి తెచ్చుకున్నారు. అలాగే కళ్ళు చిట్లించారు. అంతే శ్రద్ధగా చూశారు.

"అదే," అన్నారు. నావైపు చూసి, సరిగ్గా చెప్పానా అన్నట్టు నవ్వారు.

"అవునండీ," అన్నాను. ఇంకేమనగలను?

ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను, అంతా. "అమ్మకి చెప్తే తట్టుకోలేదు," అన్నారాయన. "చెప్పకపోతే నాన్న తట్టుకోలేరేమో," అన్నాను. ఎటూ తేలలేదు. అలాగే ఇంకో మూడు వారాలు గడిచిపోయాయి.

తర్వాత ఒక శుక్రవారం నేను అచ్చయిన పుస్తకాల కట్టలు అప్పజెప్పడానికి గోడౌనుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పదకొండున్నర. ప్రెస్సు బయట మేనేజర్ గారి కారు, కారు పక్కన మామగారి చక్రాల కుర్చీకి తొడిగే కవరు. గబగబా లోపలికి వెళ్ళాను.

లోపల మూలగదిలో ఎనిమిది మంది. మధ్యలో మామగారు, ఎదురుగా సర్వర్. అందులోంచి ఏదో టిక్కుటిక్కుమని చప్పుడొస్తోంది, గోటితో రేకు మీద కొట్టినట్టు. పొద్దున్నించీ అలాగే ఉందట, నాలుగు కంప్యూటర్లూ పడుకున్నాయట. నేను లేనని మేనేజర్ గారు నేరుగా మా ఇంటికే కారు పంపారు.

"ఒక్కసారి చూడండి సార్," అంటున్నారాయన, వంగి, ఎంతో మర్యాదగా. "డిస్కేనా? కాపీ ఎక్కడన్నా దాచారా? చేత్తో చూపించండి చాలు."

"అదే," అన్నారు మామగారు.

"ఎక్కడ సార్?"

"అదే. అదే."

ఆయన చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. ఎడంచేతి వేలితో సర్వర్ స్విచ్చు నొక్కుతున్నారు. వదిలి, మళ్ళీ నొక్కుతున్నారు. ప్రతిసారీ తల తిప్పి అందరి ముఖాలూ చూస్తున్నారు, ఆ రోజులా చప్పట్లు కొడతారేమోనని. ఎవరూ కొట్టడం లేదు.

"గుర్తు తెచ్చుకోండి," అంటున్నారు అత్తగారు ఆయన భుజం పట్టుకుని కుదుపుతూ. "ఆ రోజు చేశారుగా! అలాగే చెయ్యండి. మీకు తెలుసు. మీకు అన్నీ తెలుసు."

ఆయన వేలు మళ్ళీ లేచింది. స్విచ్చు మీద పడక రేకు అంచుకి తగిలి గీరుకుంది. రక్తం వచ్చింది. అయినా నొక్కబోయారు.

"ఆ రోజు చేసింది ఆయన కాదు," అన్నాను.

అందరూ ఇటు తిరిగారు. ఆగితే మళ్ళీ చెప్పలేనని ఒక్క గుక్కలో చెప్పేశాను. తీగల్లో ఇంకో పెట్టె ఉందని, దానికీ సర్వర్‌కీ మధ్య పోటీ అని, మంగళవారం అది తనంతట తనే లేచిందని, ఎవరు నొక్కినా లేచేదేనని, మళ్ళీ పడిపోయిందని, బుధవారం పొద్దున నేనే ఆ పెట్టె పట్టుకున్నానని. ఎవరి గదిలోనో మాత్రం చెప్పలేదు.

"నా గదిలో," అంది చుక్కలక్క గుమ్మం దగ్గర్నించి. "నా కోసమే దాచిపెట్టింది. దీన్నేం అనకండి."

మేనేజర్ గారు నుదురు పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు. అత్తగారు మామగారి వేలు తన గుప్పిట్లోకి తీసుకుని, అదుముకుని నిలబడ్డారు. నావైపు చూడలేదు.

కారులో ఇంటికి వస్తుంటే ముందుసీట్లో ఆయన నిద్రపోయారు. వెనక మేమిద్దరం. సగం దారి వచ్చాక అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు.

"నెలకి పైగా నేను మనిషిలా బతికాను. ఆ నెల నువ్వే ఇచ్చావు. నువ్వే లాక్కున్నావు."

"అత్తయ్యా..."

"వద్దు. ఏమీ చెప్పకు."

సర్వర్ డిస్కుని రెండు చోట్ల చూపించారు. రెండు చోట్లా చేతులెత్తేశారు. ఆయన కాపీ తీసి పెట్టే ఉంటారని నా నమ్మకం. అంత జాగ్రత్త మనిషి తియ్యకుండా ఉండరు. ఇంట్లో ఆయన అలమార, సొరుగులు, మంచం కింద పెట్టెలు అన్నీ గాలించాను. పాత డిస్కులు ఆరు దొరికాయి. మెకానిక్ దగ్గర ఒక్కొక్కటే పెట్టించి చూశాను. మూడు ఖాళీ, రెండు పాడైపోయాయి, ఒకదాంట్లో మా పెళ్ళి ఫొటోలున్నాయి. ఎక్కడ పెట్టారో తెలిసిన మనిషి పక్క గదిలోనే కూర్చుని నన్ను చూస్తున్నారు. అడగడానికి వీల్లేదు.

పదకొండేళ్ళ పుస్తకాలు పోయాయి. కొన్ని మళ్ళీ టైపు చేస్తున్నాం. డిస్కులున్న మామూలు కంప్యూటర్లు నాలుగు వచ్చాయి. వాటితో పాటు కొత్త బ్రెయిలీ ప్రోగ్రాము. స్విచ్చు వేస్తే లేస్తాయి, ఎవరినీ ఏమీ అడగవు. పాతవాటిని ఒక వ్యాన్లో ఎక్కించుకుపోయారు. చుక్కలక్క ఉద్యోగం పోలేదు, కానీ ఆవిడ ఇప్పుడు ప్రూఫులు తెచ్చి నా బల్ల మీద పెట్టేసి మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. నేను పిలిస్తే ఆగుతుంది, అంతే.

ఇంట్లో అత్తగారు నాతో అవసరానికి మించి మాట్లాడరు. పేపరు చదివి వినిపించడం మానేశారు. కాగితం, పెన్సిలు కూడా తీసేశారు. మామగారు ఇప్పుడు మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోతున్నారు. బరువు కూడా కాస్త పెరిగారు. అది చూసి నేను సంతోషించాలో లేదో నాకు తెలీదు.

మొన్న ఆదివారం పొద్దున ఆయనకి స్నానం చేయించి చొక్కా తొడుగుతున్నారు అత్తగారు. కింద నుంచి బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి పైదాని దగ్గర ఆగిపోయారు. రెండుసార్లు ప్రయత్నించారు. వేళ్ళు జారిపోతున్నాయి. ఆయన గడ్డం పైకెత్తి బుద్ధిగా ఎదురుచూస్తున్నారు.

నేను గుమ్మంలో ఆగాను. ఆవిడ తల తిప్పకుండానే అన్నారు.

"ఈ కన్నం నా కంటికి ఆనడం లేదు. నువ్వు పెట్టు."

వెళ్ళి పెట్టాను. కాలరు సరిచేశాను. ఆవిడ తడి తువ్వాలు తీసుకుని ఆరేయడానికి బయటికి వెళ్ళిపోయారు.